ఈజీఆర్ వాల్వు పీకేద్దాం అంటున్నారా? ముందు దాని కథ తెలుసుకోండి, అది ఆకుకూర మడిలో మొదలైంది

పోస్టు కొంచెం పొడుగు. పని తెమిలాక తీరిగ్గా చదవండి.

టర్బో డీజిల్ బండి ఉన్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ షెడ్డులో ఈ మాట వినే ఉంటారు. "అన్నా, ఈజీఆర్ మూసేద్దాం. మధ్యలో ఒక రేకుముక్క పెడితే చాలు. పికప్ వస్తుంది, మైలేజీ వస్తుంది, ఇంక మసి గొడవ ఉండదు." బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, మసి పట్టిన వాల్వు చేతిలో పెట్టి చూపిస్తుంటే ఎవరికైనా సరే అనిపిస్తుంది. కంపెనీ వాడు మనల్ని ఏడిపించడానికే దీన్ని పెట్టాడేమో అనిపిస్తుంది.

ఈ మాట మన ఊరి షెడ్డులో పుట్టింది కాదు. ఈ వాల్వు కారులోకి వచ్చి 50 ఏళ్ళు దాటింది, దాన్ని పీకడం మొదలై కూడా దాదాపు అంతే. పీకినవాళ్ళలో మామూలు జనం ఉన్నారు, మెకానిక్కులు ఉన్నారు, ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీలు ఉన్నాయి. అసలు దీన్ని ఎందుకు పెట్టారు, ఎవరు పీకారు, చివరికి నష్టం ఎవరి మీద పడింది అనేది తెలిస్తే నిర్ణయం మీరే తీసుకోవచ్చు.

వాల్వు చేసే పని

మన ఇళ్ళలో కుంపటి ఉండేది గుర్తుందా? నిప్పులు మరీ కణకణలాడుతుంటే పైన కాస్త బూడిద చల్లేవాళ్ళు. నిప్పు ఆరదు, సెగ మాత్రం తగ్గుతుంది. ఈజీఆర్ చేసేదీ అంతే. సైలెన్సర్ వైపు పోయే కాలిన గాలిలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, ఇంజిన్ పీల్చే కొత్త గాలిలో కలుపుతుంది. అది ఒకసారి కాలిన గాలి కాబట్టి మళ్ళీ పెద్దగా మండదు. బూడిద లాగా లోపల కూర్చుని మంట వేడిని తగ్గిస్తుంది.

వేడి ఎందుకు తగ్గించాలి? మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మామూలుగా ఆ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. సిలిండర్ లోపల మంట బాగా వేడెక్కితే మాత్రం రెండూ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. యూరియా వేసే రైతుకి నైట్రోజన్ అంటే కొత్త కాదు. కానీ ఇది చేనుకి పనికొచ్చే రూపం కాదు. ఎండలో ఇది ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే అమెరికాలోని లాస్ ఏంజెలిస్ పోవాలి.

మచ్చలు ముందు ఆకుల మీద వచ్చాయి

1943 జులైలో లాస్ ఏంజెలిస్ నగరం మీద దట్టంగా పొగమంచు లాంటిది కమ్మింది. కళ్ళు మండాయి, గొంతులు పట్టేశాయి. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు కదా, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమో అని కూడా కొందరు భయపడ్డారు. తర్వాత సింథటిక్ రబ్బరు కోసం బ్యూటాడయీన్ తయారు చేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పోయింది. దాన్ని ఆపినా పొగమంచు మాత్రం వస్తూనే ఉంది.

1944లో ఆ చుట్టుపక్కల కూరగాయల రైతులు ఇంకో సంగతి గమనించారు. పాలకూర, లెట్యూస్ లాంటి ఆకుకూరల ఆకుల అడుగున వెండి పూత పూసినట్టు మెరుపు, తర్వాత రాగి రంగు, ఆ తర్వాత ఎండు మచ్చలు. చూస్తే పురుగు లేదు, తెగులు లేదు. నీళ్ళూ బాగానే ఉన్నాయి. ఆకుకూరకి ఆకే సరుకు, ఆకు పోతే అమ్మడానికి ఇంకేం ఉంటుంది? జాన్ మిడిల్టన్ అనే మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త దీని మీద పని చేసి, ఇది తెగులు కాదు, గాలి వల్ల వచ్చిన దెబ్బ అని చెప్పాడు.

గాలిలో ఏముందో తేల్చినాయన ఆరీ హాగెన్ స్మిట్. నెదర్లాండ్స్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త. అప్పటిదాకా ఆయన చేస్తున్న పని అనాసపండు వాసన ఎక్కడినుంచి వస్తుందో పరిశోధించడం. పండు వాసన పట్టే పద్ధతులతోనే ఊరి గాలిని పట్టి చూశాడు. పెట్రోలు ఆవిరినీ నైట్రోజన్ ఆక్సైడ్లనీ కలిపి ఎండ తగలనిస్తే ఓజోన్ పుడుతుందని 1950ల మొదట్లో చూపించాడు. ఆయనా ఆయన తోటి శాస్త్రవేత్తలూ ఆ గాలిని పాలకూర, బీట్‌రూట్, ఓట్స్, లూసర్న్ మొక్కల మీదికి వదిలి చూశారు. పొలంలో కనబడిన లాంటి మచ్చలే ప్రయోగశాలలోనూ వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఓజోన్ మనకి గొడుగు లాంటిది, మంచిదే. నేల దగ్గర పుట్టే ఓజోన్ వేరే సంగతి. అది ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరి కణాలను దెబ్బతీస్తుంది. మన ఊపిరితిత్తులనీ అలాగే దెబ్బతీస్తుంది.

చమురు కంపెనీలు దీన్ని వెంటనే ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వాదించాయి. ఈలోపు వేరే పంటల్లోనూ అదే దెబ్బ బయటపడింది. 1958లో కాలిఫోర్నియా ద్రాక్ష ఆకుల మీద మచ్చలకి ఓజోనే కారణమని తేలింది. 1959లో పొగాకు వంతు వచ్చింది. ఆకు మీద తెల్లటి చుక్కలు పడి రేటు పడిపోతుంటే, అది వాతావరణం వల్ల వచ్చే మచ్చ అని రైతులు సరిపెట్టుకునేవాళ్ళు. హెగ్గెస్టాడ్ అనే శాస్త్రవేత్త మిడిల్టన్‌తో కలిసి అదీ ఓజోన్ పనే అని చూపించాడు. బెల్ డబ్ల్యూ3 అనే పొగాకు రకానికి ఓజోన్ సోకితే త్వరగా మచ్చలు వస్తాయి. అందుకని గాలిలో ఓజోన్ ఉందో లేదో చూడడానికి చాలా దేశాల్లో ఆ మొక్కని నాటి పెట్టుకునేవాళ్ళు. ఆకు మీద మచ్చ పడితే రేటు ఎంత పోతుందో ప్రకాశం, గుంటూరు పొగాకు రైతులకి నేను చెప్పక్కర్లేదు.

అంటే ఈ వాల్వు కథ మొదలైంది ఫ్యాక్టరీలో కాదు. పురుగూ తెగులూ లేకుండా ఆకు ఎందుకు పోతోంది అని అడిగిన రైతుల చేలల్లో మొదలైంది.

మొదట ఒక వాల్వు, తర్వాత ఇంకోటి

అప్పట్లో ఇంజిన్ కింద ఆయిల్ ఉండే గదిలోంచి వచ్చే ఆవిరిని ఒక గొట్టం పెట్టి బయటికి వదిలేసేవాళ్ళు. పిస్టన్ రింగుల సందులోంచి దిగే కాలిన గాలి, ఆయిల్ ఆవిరి, కాలని పెట్రోలు అన్నీ అందులోంచే పోయేవి. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కార్లకి దాన్ని బయటికి పోనీకుండా తిరిగి ఇంజిన్‌లోకే పీల్పించే చిన్న వాల్వు పెట్టారు. దాన్ని పీసీవీ అంటారు. కార్లకి పెట్టిన మొదటి కాలుష్య నియంత్రణ పరికరం అదే. 1963 నుంచి అమెరికా అంతటా వచ్చింది.

1966లో కాలిఫోర్నియా సైలెన్సర్ పొగకి కూడా హద్దు పెట్టింది. కాలని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్ తగ్గించాలన్నారు. కంపెనీలు ఇంధనం తగ్గించి, గాలి పెంచి, మంట వేడిగా మండేలా చేశాయి. ఆ రెండూ తగ్గాయి. కానీ వేడి పెరిగేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగాయి. ఒక పురుగుకి మందు కొడితే ఇంకో పురుగు విజృంభించినట్టయింది. 1971 నుంచి కాలిఫోర్నియా దానికీ హద్దు పెట్టింది. వేడి తగ్గించే మార్గం కావాలి. అలా 1972, 73 మోడళ్ళ నాటికి ఈజీఆర్ అమెరికా కార్లలోకి వచ్చింది.

పీకుడు కూడా వెంటనే మొదలైంది

నిజం ఒప్పుకోవాలి. ఆ మొదటి ఈజీఆర్ వాల్వులు మొరటువి. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో తెరుచుకునేవి, మూసుకునేవి. బండి కుదుపులు, పొద్దున్నే స్టార్టింగు కష్టం, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. అదే రోజుల్లో మైలేజీ కూడా పడిపోయింది. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టాల్సి వచ్చింది. జనానికి కోపం రాకేం చేస్తుంది?

మెకానిక్కులు చిట్కా కనిపెట్టారు. వాల్వుకి పోయే రబ్బరు గొట్టంలో చిన్న ఇనుప గుండు దూర్చేవాళ్ళు. వాక్యూమ్ అందదు, వాల్వు తెరుచుకోదు. పైనుంచి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి. మన షెడ్డులో రేకుముక్కకి అన్న వరస అవుతుంది ఆ ఇనుప గుండు.

ఇదే కాలంలో సీసం లేని పెట్రోలు కూడా వచ్చింది. 1975 మోడళ్ళ నుంచి సైలెన్సర్ దారిలో కాటలిటిక్ కన్వర్టర్ పెట్టారు, సీసం తగిలితే అది చచ్చిపోతుంది. అందుకని కొత్త కార్ల టాంకు మూతిని సన్నగా చేశారు, సీసం పెట్రోలు కొట్టే లావు గొట్టం పట్టకుండా. జనం ఆ మూతిని కూడా పగలగొట్టి చవక పెట్రోలు పోయించుకున్నారు. కన్వర్టర్లు పాడయ్యాయి.

అమెరికా చట్టం ఈ పీకుడు వెనకే నడిచింది. 1970 చట్టం కంపెనీలనీ డీలర్లనీ మాత్రమే కట్టడి చేసింది. 1977లో రిపేరు షెడ్లని కలిపారు. 1990లో మామూలు మనిషినీ, పీకడానికి పనికొచ్చే సామాన్లు తయారు చేసి అమ్మేవాళ్ళనీ కూడా కలిపారు. అయినా ఆగలేదు. 2020లో అక్కడి పర్యావరణ సంస్థ ఒక లెక్క చెప్పింది. అంతకుముందు పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్ బండ్లకి ఈ పరికరాలు పీకేశారట. వాటినుంచి అదనంగా వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులు. ఒక్కొక్కడికీ తనది ఒక్క బండే.

కంపెనీలు కూడా పీకాయి, రేకుముక్క లేకుండా

1970ల్లోనే ఫోక్స్‌వ్యాగన్ తన 1973 మోడల్ కార్లలో బయటి ఉష్ణోగ్రత చూసి కాలుష్య నియంత్రణని ఆపేసే స్విచ్చులు పెట్టింది. 1974లో 1,20,000 డాలర్లు కట్టి బయటపడింది.

1998లో ఏడు పెద్ద డీజిల్ ఇంజిన్ కంపెనీలు అమెరికాలో దొరికాయి. కాటర్‌పిల్లర్, కమిన్స్, వోల్వో లాంటివి అందులో ఉన్నాయి. వాళ్ళ లారీ ఇంజిన్లలో కంప్యూటర్ పరీక్ష సమయంలో ఒకలా, హైవే మీద ఇంకోలా పనిచేసేది. హైవే మీద డీజిల్ చిమ్మే సమయాన్ని ముందుకు జరిపేవాళ్ళు. మైలేజీ బాగా వచ్చేది, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా బాగా పెరిగేవి. అలాంటి ఇంజిన్లు 13 లక్షలు. జరిమానా, దిద్దుబాటు కలిపి ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటింది. ఒప్పందం ప్రకారం కొత్త హద్దులకి 2002 అక్టోబరు నాటికే రావాల్సి వచ్చింది. చల్లబరిచిన ఈజీఆర్, దానికి సరిపోయే టర్బో లారీ ఇంజిన్లలోకి పెద్ద ఎత్తున వచ్చింది అప్పుడే.

తర్వాత 2015. ఇది చాలామంది పేపర్లో చదివే ఉంటారు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు డీజిల్ కార్ల వెనక కొలిచే యంత్రం కట్టుకుని రోడ్ల మీద వందల మైళ్ళు తిరిగారు. ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్ళిన అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న ఉన్నారు. ప్రయోగశాలలో బుద్ధిగా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కార్లు రోడ్డెక్కగానే హద్దుకి ఎన్నో రెట్లు వదులుతున్నాయని వాళ్ళ కొలతల్లో బయటపడింది. 40 రెట్ల దాకా అని అమెరికా ప్రభుత్వం 2015 సెప్టెంబరు 18న ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద 1 కోటి 10 లక్షల బండ్లు.

వాళ్ళు చేసిందేమిటో తెలుసా? యూరప్‌లో అమ్మిన ఆ ఇంజిన్లలో రెండు పద్ధతులు రాసిపెట్టారు. పరీక్ష జరుగుతోందని కంప్యూటర్‌కి తెలిస్తే ఈజీఆర్ ఎక్కువ తెరుస్తుంది. రోడ్డు మీద అయితే తగ్గించేస్తుంది. షెడ్డులో రేకుముక్క చేసే పనినే వాళ్ళు సాఫ్ట్‌వేర్‌తో చేశారు. దానికి ఆ కంపెనీ వేల కోట్ల డాలర్లు కట్టింది. పెద్ద అధికారులు జైలుకెళ్ళారు.

టర్బోకీ ఈ వాల్వుకీ ఏం సంబంధం

టర్బో పాత వస్తువే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. బయటికి పోయే పొగ బలంతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని దట్టించడం. ఎక్కువ గాలి, అందుకే చిన్న ఇంజిన్‌లో పెద్ద బలం. కానీ గాలి ఎక్కువైతే మంట వేడీ ఎక్కువే, నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎక్కువే. టర్బో డీజిల్‌కి ఈజీఆర్ అంత అవసరం కావడానికి కారణం ఇదే.

మరి మసి ఎందుకు పేరుకుంటుంది? ఇక్కడ చరిత్ర మనకి పనికొస్తుంది. 1961లో వచ్చిన మొదటి వాల్వు పని ఆయిల్ ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపడం. టర్బో బండిలో అది టర్బో ముందు కలిసి గాలితోపాటు లోపలికి పోతుంది. 1973 నాటి వాల్వు మసితో కూడిన కాలిన గాలిని పంపుతుంది. ఈ రెండూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో కలుస్తాయి. ఆయిల్, మసి కలిస్తే ఏమవుతుంది? కాటుక. డీజిల్ బండి మానిఫోల్డ్ విప్పితే కనబడే ఆ నల్లటి జిగురు అదే.

కాబట్టి వాల్వు మసి పట్టిందంటే తప్పు ఎక్కువసార్లు వాల్వుది కాదు. ఇంజెక్టర్ సరిగ్గా చిమ్మక మసి ఎక్కువ వస్తుండొచ్చు. ఎయిర్ ఫిల్టర్ మన పొలం దుమ్ముతో పూడిపోయి ఉండొచ్చు. టర్బో సీలు పోయి ఆయిల్ కారుతుండొచ్చు. రింగులు అరిగి ఆయిల్ ఆవిరి ఎక్కువవుతుండొచ్చు. ఊళ్ళో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తూ ఉంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కక మసి మిగిలిపోతుంది. వాల్వు మూసేస్తే ఇవేవీ బాగుపడవు. నొప్పి మాత్ర వేసుకున్నట్టు, జబ్బు లోపలే ఉంటుంది.

పికప్ సంగతి కూడా చెప్పుకుందాం. చాలా ఇంజిన్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈజీఆర్ దానంతట అదే మూసుకుంటుంది. అంటే బాగున్న వాల్వు మీ బలాన్ని తినదు. మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిన వాల్వు తింటుంది. రేకు పెట్టాక బండి లేడిపిల్లలా పరిగెత్తిందంటే, శుభ్రం చేసినా దాదాపు అలాగే పరిగెత్తేది.

మన దేశంలో ఎలా వచ్చింది

మన దగ్గర బండి పొగకి హద్దులు 1991లో పెట్రోలుకి, 1992లో డీజిల్‌కి వచ్చాయి. 2000లో దేశమంతటా యూరో 1తో సమానమైనవి వచ్చాయి. తర్వాత భారత్ స్టేజ్ అనే మెట్లు. ముందు పెద్ద నగరాలకి, తర్వాత మనకి. బీఎస్ 3 హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాలకి 2005లో వస్తే, మిగతా దేశానికి వచ్చేసరికి 2010 అయింది. బీఎస్ 4 దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న వచ్చింది. దానికి మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు బీఎస్ 3 బండ్ల అమ్మకం ఆపేయమనడంతో షోరూముల్లో టూవీలర్లకి డిస్కౌంట్లు ఇచ్చి ఎగబడి అమ్మడం గుర్తుండే ఉంటుంది. బీఎస్ 5 వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్ 6కి పోయాం. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్ 4 హద్దులు 2023 జనవరి 1 నుంచి వచ్చాయి.

ఇందులో మన పాత మెకానిక్కుల పక్షాన ఒక మాట చెప్పాలి. ఈజీఆర్ అంటే వాళ్ళకి పడకపోవడానికి డీజిల్ కూడా ఒక కారణం. 1996కి ముందు మన డీజిల్‌లో గంధకం 10,000 పీపీఎం దాకా ఉండేది. 2000లో 2,500కి వచ్చింది. బీఎస్ 3 డీజిల్‌లో 350, బీఎస్ 4లో 50, ఇప్పుడు బీఎస్ 6లో 10. గంధకం కాలి నీటి ఆవిరితో కలిస్తే ఆమ్లం అవుతుంది. కాలిన గాలిని చల్లబరిచి వెనక్కి పంపే దారిలో ఆ ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. గంధకం ఎక్కువగా ఉన్న డీజిల్ మీద ఈ వాల్వు నిలవడం కష్టమే. కానీ ఇప్పుడు బంకులో పోసేది 10 పీపీఎం డీజిల్. రోజులు మారాయి, షెడ్డులో సలహా మాత్రం పాతదే మిగిలిపోయింది.

ఇంకో సంగతి. "అన్నా, మూసేశాక పొగే తగ్గింది, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది" అంటారు. నిజమే, రావచ్చు. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది నల్ల పొగ చిక్కదనం మాత్రమే. ఈజీఆర్ మూస్తే మసి కొంత తగ్గుతుంది కూడా. పెరిగేది నైట్రోజన్ ఆక్సైడ్లు. సైలెన్సర్లోంచి వచ్చేటప్పుడు అందులో ఎక్కువ భాగానికి రంగుండదు, ఆ యంత్రం దాన్ని కొలవదు. కనబడని దాన్ని లేదనుకుంటున్నాం.

చట్టం మాత్రం ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం, కాలుష్య హద్దులు దాటిన బండి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అనుమతి లేకుండా బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. బీఎస్ 6 బండిలో అయితే రేకుముక్కతో కూడా పోదు. కంప్యూటర్ కనిపెట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది, బలం తగ్గించేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చాలంటారు. ఒకటి పీకితే ఇంకోటి, దాని వెనక ఇంకోటి. వారంటీ కూడా పోతుంది.

చివరికి నష్టం ఎవరి మీద?

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే. ఊపిరితిత్తుల సంగతి డాక్టర్లు చెబుతారు. నేను పొలం సంగతి చెబుతాను.

ఓజోన్‌కి ఒక గుణం ఉంది. బండ్లు ఎక్కువ తిరిగే నగరం నడిబొడ్డున కంటే, గాలి వీచే దిక్కున ఉన్న పల్లెల్లో అది చాలాసార్లు ఎక్కువ ఉంటుంది. నగరంలో అప్పుడే వచ్చిన పొగ ఉన్న ఓజోన్‌ని కొంత తినేస్తుంది. ఆ పొగ గాలికి కొట్టుకొచ్చి, దారిలో ఎండకి ఉడికి, చేల మీదికి వచ్చేసరికి ఓజోన్ తయారవుతుంది. బండ్లు తిరిగేది ఒకచోట, ఆకు మాడేది ఇంకోచోట. లాస్ ఏంజెలిస్ కారు వదిలిన పొగకి ద్రాక్ష తోట నష్టపోయినట్టే.

మన దేశం లెక్క కూడా ఉంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఇంకా కొందరు కలిసి 2014లో ఒక అంచనా ప్రచురించారు. 2005 సంవత్సరంలో ఓజోన్ వల్ల మన దేశం సుమారు 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి కోల్పోయిందని. దాదాపు 9 కోట్ల 40 లక్షల మందికి సరిపోయే తిండి అది. పత్తి, సోయా నష్టం వేరే. ఇదంతా బండ్ల పొగ ఒక్కదాని వల్లే కాదు. బొగ్గు కరెంటు కేంద్రాలు, ఫ్యాక్టరీలు, చెత్తా గడ్డీ తగలబెట్టడం అన్నీ ఉన్నాయి. కానీ బండ్ల వాటా తక్కువేం కాదు.

వడగండ్లు పడితే నష్టం కళ్ళకి కనిపిస్తుంది, పరిహారం అడుగుతాం. ఓజోన్ నష్టం అలా కాదు. ఎకరానికి ఒక బస్తా తక్కువైతే "ఈసారి ఎందుకో దిగుబడి రాలేదు" అనుకుంటాం. విత్తనం మీద, మందు మీద, మన రాత మీద నెట్టేస్తాం. 1944కి ముందు కాలిఫోర్నియా రైతులకి కూడా పేరు తెలియని నష్టమే ఇది.

నా ఒక్క బండితో ఏమవుతుంది అంటారా? ఏమీ కాదు, ఒప్పుకుంటాను. కాలవ మీద ఒక్క మోటారు దొంగతనంగా పెడితే కాలవ ఎండదు. పెట్టేవాడు ఒక్కడితో ఆగడు కాబట్టే చివరి భూముల వాళ్ళకి నీళ్ళు రావు. గాలి సంగతిలో చివరి భూముల వాళ్ళం మనమే.

మరి ఏం చేద్దాం

పీకొద్దు అని ఊరికే చెప్పి పోతే న్యాయం కాదు. బండి మొరాయిస్తే పని ఆగేది మనకే. అందుకని:

1. బలం తగ్గి నల్ల పొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, టర్బో గొట్టాల లీకులు చూపించండి. తర్వాతే ఈజీఆర్.

2. వాల్వు మసి పట్టి ఉంటే విప్పి కార్బన్ క్లీనర్‌తో శుభ్రం చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయించండి. మానిఫోల్డ్ కూడా అప్పుడే శుభ్రం చేయించండి. వాల్వు కాలిపోయినా ఇరుక్కుపోయినా మార్చడమే.

3. కూలెంట్ కారణం లేకుండా తగ్గిపోతుంటే ఈజీఆర్ కూలర్ లీకేమో అడగండి. నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్‌కే ముప్పు.

4. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయించండి, రాసిన గడువులోనే మార్చండి. బీఎస్ 6 బండికి ఇది మరీ ముఖ్యం.

5. ఊళ్ళో చిన్న తిరుగుళ్ళే ఎక్కువైతే, అప్పుడప్పుడు హైవే మీద ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఒకే వేగంతో నడపండి. గంటల తరబడి ఐడిలింగులో వదిలెయ్యకండి.

6. కొత్త పెద్ద ట్రాక్టర్ కొనేటప్పుడు ధరతోపాటు ఇవి కూడా అడగండి. ఈజీఆర్ శుభ్రం చేయడానికి ఎంత? వాల్వు మార్చాలంటే ఎంత? స్కానర్ మన మండలంలో ఎవరి దగ్గర ఉంది?

ఆ చివరిది చిన్న విషయం కాదు. అమెరికా రైతులు ఇవాళ గట్టిగా కొట్లాడుతున్నది దీని గురించే. మా ట్రాక్టర్ మేం రిపేరు చేసుకునే హక్కు మాకివ్వండి, సాఫ్ట్‌వేర్ తాళం వేసి డీలర్ దగ్గరికే రమ్మంటే ఎలా అని. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థే దీని మీద జాన్ డీర్ కంపెనీని కోర్టుకి లాగింది. నా లెక్కలో సరైన కొట్లాట అదీ. విడిభాగం సరసమైన ధరకి దొరకాలి, స్కానర్ ఊరి మెకానిక్ చేతిలో ఉండాలి, రిపేరు ఎలా చేయాలో రాసి ఇవ్వాలి అని మనం కూడా కంపెనీలని అడగాలి. అది వదిలేసి వాల్వు మూసుకుంటే కంపెనీకి పోయేదేం లేదు. బండి అమ్ముకున్నాడు, డబ్బు తీసుకున్నాడు. గాలి మాత్రం మన చేల మీదే తిరుగుతుంది.

మీ బండికి ఎవరైనా ఈజీఆర్ మూసేద్దాం అంటే ముందు ఒక్క మాట అడగండి. "మసి ఎక్కడినుంచి వస్తోందో చూశావా తమ్ముడూ?" అని. చూశానంటే అతను మంచి మెకానిక్. చూడకుండా రేకు కోస్తుంటే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.

షెడ్డు నడిపే తమ్ముళ్ళు ఉంటే ఇది చదివి, నేను చెప్పిన దాంట్లో మీ చేతి అనుభవానికి తేడాగా ఉన్నది ఏదైనా ఉంటే రాయండి. అందరికీ పనికొస్తుంది.

జై కిసాన్.